అరగదీసిన పన్ను

పన్ను తాత పోయినప్పుడు ఆయన నోట్లో పన్ను ఒక్కటి కూడా లేదు. దవడకు గుడ్డ కడుతున్న మనిషి ఆ మాట పైకే అన్నాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు తలలు పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నారు. బతికున్నంత కాలం చొక్కా లోపలి జేబులో ఒక పన్ను పెట్టుకుని తిరిగిన మనిషికి సొంత పండ్లు ఎప్పుడో రాలిపోయాయన్న సంగతి ఆ రోజు దాకా ఎవరి మనసుకూ పట్టలేదు.

దినాల నాడు బోధన్ వైపు ఊళ్ల నుంచి ఆటోల్లో ఆడవాళ్లు దిగారు. చాలామందిని ఆయన బిడ్డ కూడా గుర్తుపట్టలేదు. వాళ్లు పెళ్లీడు పిల్లల్ని ముందుకు తోసి, దీనికి పండ్లొచ్చేటప్పుడు తాతే పన్ను పెట్టాడని చెప్పుకున్నారు. బంతి దగ్గర కథలు మొదలయ్యాయి. కళ్లు తేలేసిన పిల్లాడు పన్ను తాకగానే లేచి కూర్చున్నాడని ఒకామె అన్నది. ఆ పన్ను చీకట్లో మెరిసేదని ఇంకొకామె. పన్ను ఒక్కటే కాదు, అది ఏ మహావానరానిదో దాని చెయ్యి మొత్తం ఈ ఇంటి గచ్చు కింద ఉందని, అందుకే ఈ ఇంటికి కోతులు రావని మరొకామె. కోతులు ఆ ఇంటికీ వస్తాయి, మా ఇంటికీ వస్తాయి. అయినా ఎవరూ అడ్డం చెప్పలేదు. ఇంతకూ పన్ను ఏదని అడిగితే వెతికాం, దొరకలేదన్నది ఆయన బిడ్డ. దాంతో అది ఆయన వెంటే పోయిందని తేల్చేశారు. అది ఎక్కడుందో నాకూ తెలియదు.

నాతో బీడీలు చుట్టే గంగవ్వ మోచేత్తో పొడిచి, "నువ్వు చెప్పవేందే, నీకే గదా అంత ఎరుక" అన్నది. నీళ్లు తాగొస్తానని లేచి పెరట్లోకి పోయాను. చెంబు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. తెలిసింది చెప్పడానికి నోరు రాలేదు. అక్కడే కూర్చుని వినడానికి ముఖం చెల్లలేదు. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఆయన నిజామాబాదులో మా ఎదురింట్లో, బిడ్డ దగ్గర ఉండేవాడు. ఆమెదీ నాదీ ఒకటే ఈడు కాబట్టి నేను బాపు అని పిలిచేదాన్ని. అంతకు ముందు బోధన్ వైపు చెరుకు కాంటా దగ్గర పనిచేశాడట. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక కాంటా పోయింది గానీ తూకం ఆయన చేతుల్లో ఉండిపోయింది. ఏది కనబడ్డా అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు మెల్లగా ఎగరేసి చూసేవాడు. చింతపండు ముద్ద, తాళంచెవుల గుత్తి, నేను కట్టిన బీడీ కట్ట, ఏదైనా సరే. ఎంత బరువుందో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. "ఊఁ" అని తిరిగి ఇచ్చేసేవాడు. ఆ ఊఁ అనడంలోనే మనం నెగ్గామో ఓడామో ఉన్నట్టు అనిపించేది. పసిపిల్లల్ని మాత్రం రెండు చేతుల్లో తీసుకుని, వాళ్ల ముఖం చూడకుండా, గోడ మీద ఎక్కడో చూపు నిలిపి తూచేవాడు. చూస్తే ముద్దొస్తారు, ముద్దొస్తే తూకం తప్పుతుంది అనేవాడు.

పన్ను ఒక పాత సున్నం డబ్బీలో ఉండేది. దాన్ని తీసేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. గంగవ్వ ఊరుకునేది కాదు. "గటు తిరుగుతవేంది బాపు, మేమేమన్న కొరుక్కపోతమా" అని అడిగేది. ఆయన ఉత్త చిగుళ్లతో నవ్వేవాడు గానీ ఇటు మాత్రం తిరిగేవాడు కాదు.

నేను దాన్ని దగ్గరగా చూశాను. నాలుగు చింతగింజలు కలిపి అతికించినంత ఉండేది. కాగిన బెల్లం రంగు. కింద రెండు వేర్లు విరిగి మొండిగా ఉండేవి. పైభాగం మాత్రం ఏటవాలుగా, సానరాయికి తోబుట్టువులా నున్నగా ఉండేది. ఆయన నాయనమ్మ, ఆమె తర్వాత ఆయన తల్లి, ఆ తర్వాత ఆయన అరగదీసిన వైపు అది. పిల్లలకు పండ్లు వచ్చే రోజుల్లో జ్వరం పట్టినా, విరేచనాలైనా, చిగుళ్లు వాచి పాలు పట్టకపోయినా తల్లులు తెచ్చేవాళ్లు. ఆయన సానరాయి కడిగి, తల్లి పాలు నాలుగు చుక్కలు పిండించి, పన్నును అందులో మూడు చుట్లు తిప్పి, ఆ తెల్లటి నీళ్లను వేలితో చిగుళ్లకు రాసేవాడు. దానికి ప్రతిఫలంగా ఏదీ తీసుకునేవాడు కాదు. నిమ్మకాయ కూడా ముట్టేవాడు కాదు. తీసుకుంటే మందు పని చేయదని వాళ్ల నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. వచ్చినవాళ్లకే ఆ ఇంట్లో చాయ్ పోసి పంపేవాళ్లు.

వానాకాలంలో జ్వరంతో పడిపోయిన ఒక బైరాగికి ఆ నాయనమ్మ కొన్నాళ్లు జొన్న గట్క పోసిందట. పోయేటప్పుడు అతను ఈ పన్ను ఇచ్చాడట. ఉత్తరాన మంచుకొండల కింద, వాగు కోసిన మట్టిలో దొరికిందని, పెద్ద వానరానిదని చెప్పాడట. అంతవరకే బైరాగి చెప్పింది. మిగతాదంతా ఆ ఇంట్లో పెరిగింది.

ఆ మిగతాది ఆయన నోట వినాలి. రాముడి దండులో అన్నిటికంటే పెద్ద వానరం అది. వారధి కట్టేటప్పుడు అందరితో పాటు అదీ రాయి ఎత్తి వేసింది. అది వేసిన రాయికి నీళ్లు అంతెత్తున లేచి, మిగిలినవాళ్లు పేర్చిన రాళ్లన్నీ కొట్టుకుపోయాయి. నువ్వు జర పక్కకు కూర్చోమన్నారు. కూర్చుంది. దానికి శరమైంది, సిగ్గుతో తల దించుకుంది. యుద్ధమైనాక అందరూ అయోధ్యకు పోతుంటే అది ఎవరికీ చెప్పకుండా మన దిక్కు వచ్చి, మంజీర ఒడ్డున తుంగలో దాక్కుంది. ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు తగ్గేది.

"గంత పెద్ద పానం, బిడ్డా, మల్ల ఎన్నడూ నిలవడలే. నిలవడితె అందరికి కనవడతది గదా. వంగే నడిశింది, వంగే తిన్నది. వయసు మీరినంక ఉత్తర దిక్కు కొండలకు పోయి సచ్చిపోయింది. ఎవ్వలిని ఒక్క దెబ్బ కొట్టలే, పాపం."

ప్రతిసారీ ఆ పాపం దగ్గరే కథ ఆగేది. గంగవ్వ అప్పుడు అంత పెద్ద కోతికి ఎన్ని గజాల గుడ్డ పట్టేదో లెక్క మొదలుపెట్టేది. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. గుడ్డ కట్టేదైతే సిగ్గు పడే పనే ఉండకపోయేది కదా అనేవాడు.

మేం బీడీలు చుట్టేది మా వాకిట్లోనే. ఐదారుగురం ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చుంటాం. నాకు చదువు వచ్చింది యాభై దాటాక. సంఘం సమావేశంలో వేలిముద్ర వేసి, ఆ వేలిని కొంగుకు తుడుచుకుంటుంటే ఒక టీచరమ్మ చూసి పట్టుకుంది. సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పింది. నాకు చదవడం వచ్చినప్పటి నుంచి మా వాకిట్లో ఒక పద్ధతి మొదలైంది. ఆదివారం పేపరు నేను చదవాలి. చదివినంతసేపు నా చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి మిగిలినవాళ్లు తాము చుట్టిన బీడీల్లోంచి పిడికెడు పిడికెడు నా చాటలో వేయాలి. బాపు ఎదురింటి గడప మీద ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి కూర్చుని వినేవాడు.

ఒక ఆదివారం పేపరులో పెద్ద బొమ్మ వచ్చింది. గోధుమరంగు బొచ్చుతో ఒక వానరం, దాని పక్కన నడుముకు కొంచెం పైదాకా వచ్చే మనిషి. పైన లావు అక్షరాల్లో మహావానరం అని ఉంది. నేను ఆ మాట చదవగానే వాకిలంతా గడప వైపు తిరిగింది.

"బాపు, నీ దోస్తు పేపర్ల వడ్డడు" అన్నది గంగవ్వ.

ఆయన లేచి వచ్చాడు. నా పక్కన గొంతుకూర్చున్నాడు. బొమ్మను వేలితో ముట్టుకుని వేలు వెనక్కి తీసుకున్నాడు. చదవమన్నాడు.

చదివాను. లక్షల ఏళ్ల కింద చైనా వైపు అడవుల్లో అలాంటిది నిజంగా తిరిగిందని రాశారు. భూమ్మీద పుట్టిన వానరాలన్నింటిలో అదే పెద్దదట. పది అడుగుల ఎత్తు ఉండి ఉండవచ్చట. ఎవరినీ వేటాడేది కాదట, వెదురూ పండ్లూ ఆకులూ తిని బతికేదట. అక్కడ బాపు తల ఊపాడు, తనకు ముందే తెలుసన్నట్టు. అడవులు తగ్గిపోయి తిండి దొరక్క అంతరించిందట. మంచుకొండల్లో పెద్దపెద్ద అడుగులేసే మనిషి ఉన్నాడనే కథలు దీన్ని బట్టే పుట్టాయని కొందరు నమ్ముతారట. మన దేశంలోనూ హిమాలయాల కింది కొండల్లో దీనికి చుట్టం వరసయ్యే వానరం దవడ దొరికిందట. గంగవ్వ చేతిలో ఆకు చేతిలోనే ఆగిపోయింది. ఆయన బిడ్డ కూడా వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడింది. ఆ కొద్దిసేపు ఆయన ముఖం ఎలా ఉందో చెప్పాలంటే, బండి దిగి వచ్చిన అల్లుడికి ఎదురు పోతున్న మామలా ఉంది.

బాగా చదువుకున్నవాళ్లకు కళ్లు ముందు నడుస్తాయి, నోరు వెనక నడుస్తుంది. రానున్న మాట ఎలాంటిదో వాళ్లకు ముందే తెలుస్తుంది. కావాలంటే దాటేస్తారు. నాకు అది రాదు. ఒక్కో అక్షరాన్ని పట్టుకుని నడిచేదాన్ని. ముందున్నది గట్టో గుంతో కాలు పడ్డాకే తెలిసేది. తర్వాతి మాటలు అలాగే చదివాను.

ఆ జంతువు మిగతా ఎముకలేవీ దొరకలేదని, నాలుగు దవడలూ పండ్లూ మాత్రమే మిగిలాయని ఉంది. మొదటి పన్ను దొరికింది ఒక మందుల దుకాణంలోనట. అక్కడి జనం నేలలో దొరికిన పెద్ద పండ్లను మహాసర్పం పండ్లని నమ్మి, నూరి మందుగా తాగేవాళ్లట. అలా ఎన్ని తరాలు నూరారో, ఎన్ని పండ్లు పొడి అయిపోయాయో ఎవరికీ తెలియదట. ఆ పొడికి రోగం తగ్గుతుందనడానికి ఆధారమూ లేదట. నూరగా మిగిలిన కొన్ని పండ్లను బట్టే ఇంత పెద్ద జంతువును ఊహించుకోవాల్సి వచ్చిందని రాశారు.

బాపు పేపరు మీదికి వంగాడు.

"గదొక్కటి మల్ల సదువు బిడ్డా" అన్నాడు.

మళ్లీ చదివాను. ఇంకోసారి అడిగాడు. మూడోసారీ చదివాను. ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, బొమ్మ వైపు చూడకుండా ఇంట్లోకి పోయాడు. ఆడవాళ్లు పద్ధతి ప్రకారం నా చాటలో తలా పిడికెడు వేశారు. ఆ రోజు ఆ బీడీలను కట్ట కట్టడానికి నా చేతులు రాలేదు. ఎంతో ఆశపడి నేర్చుకున్న అక్షరాలు చేసిన పని ఇదా అనిపించింది. ఇప్పటికీ పేపరు విప్పేటప్పుడు ఎదురింటి గడప వైపు చూడలేను.

కొన్నాళ్లు ఆయన వాకిట్లోకి రాలేదు. పన్ను కోసం వచ్చినవాళ్లను ఊళ్లో లేడని పంపేయమని బిడ్డకు చెప్పాడు. ఒకరోజు పొద్దున తెల్లచొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చి, కాలేజీలో జంతువుల గురించి చెప్పే సారు ఒకాయన ఉన్నాడట, నువ్వు తోడు రావాలి అని అడిగాడు. నీకైతే పెద్దమాటలు అర్థమవుతాయి అన్నాడు. అర్థం కావని నాకు తెలుసు. అయినా పోయాను.

బస్టాండులో కూర్చున్నప్పుడు తనంతట తానే మాట్లాడాడు.

"ఇది ఉత్తదే అయితె గిన్నేండ్లు మందిని మోసం జేసినోన్ని. నిజంగ దానిదే అయితె దాన్ని నూరి పోసినోన్ని. ఏ దిక్కు జూసినా నాకు శరమే బిడ్డా. ఏ దిక్కో ఒక్కటి తెలిస్తె సాలు."

చాయ్ తాగుతావా బాపు అన్నాను. వద్దన్నాడు.

సారు మంచివాడు. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. బాపు డబ్బీ తీసేటప్పుడు అలవాటుగా గోడవైపు తిరగబోయి, ఆగి, సారు ముందే తీసి బల్ల మీద పెట్టాడు. సారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, ఫోను వెలుగులో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. పాతదేనన్నాడు. రాయిలా మారినట్టే ఉందన్నాడు. బాపు కుర్చీ చివరికి జరిగాడు. అయితే ఏ జంతువుదో చెప్పలేనన్నాడు సారు. వానరానిదీ కావచ్చు, ఎలుగుదీ కావచ్చు, పందిదీ కావచ్చు. పన్ను ఏ జంతువుదో చెప్పేది పైన ఉండే గుట్టలను బట్టి. అవి ఎన్ని ఉన్నాయి, ఎలా ఉన్నాయి అనేదే గుర్తు. పెద్ద ఊళ్లలో ఎముకలు బాగా తెలిసినవాళ్లకు చూపించినా వాళ్లు ముందు చూసేది ఆ పైభాగమే. దీనికి అదే లేదు. ఇంతా చెప్పి, మామూలుగానే అడిగాడు.

"ఎవరు అరగదీశారు పెద్దాయనా?"

"మేమే సార్" అన్నాడు బాపు. "మా ఇంట్లోళ్లమే."

సారుకు ఏం తట్టిందో, పిల్లలకు చూపిస్తానని ఫొటో తీసుకుంటానన్నాడు. బాపు పన్నును అరచేతిలో పెట్టి చెయ్యి చాపాడు. పన్ను ఫొటోలో సరిగా పడేలా సారు ఆ చెయ్యి కింద తన చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన ఎవరిదో కొత్తిమీర మూట ఆయన ఒళ్లోకి జారింది. ఆయన దాన్ని ఎత్తి చూడలేదు. అలాగే కూర్చున్నాడు.

దాని తర్వాత సానరాయిని దొడ్లో పెట్టించాడు. వచ్చినవాళ్లకు తానే ఎదురుపడి, మానేశాను, దవఖానకు తీసుకుపోండి అని చెప్పేవాడు. ఎందుకు మానేశావని అడిగితే ఇంట్లోకి పోయేవాడు. కొందరు తిట్టుకుంటూ పోయారు. తాతకు పొగరు పెరిగిందన్నారు. అదేమీ ఆయన పట్టించుకోలేదు. పట్టించుకున్నది ఒక్క మనిషి మాటనే.

మంజీర వైపు ఊరి నుంచి వచ్చిందామె. చిన్నది, ఇరవై దాటి ఉండదు. చంకలో జ్వరంతో, విరేచనాలతో వాడిపోయిన ఆడపిల్ల. రెండు ఆటోలు మారి, దారిలో అడుగుతూ అడుగుతూ మా గల్లీకి చేరింది. బాపు గడప మీద నిలబడి, మానేశానమ్మా, పో అన్నాడు. ఆమె వెంటనే కదల్లేదు. కొంగు తలమీదికి లాక్కుంది. ఒక అడుగు వెనక్కి వేసి, గల్లీ మోరీ కాలువ పక్కకు జరిగి నిలబడింది.

"మేమెవలమో ఎవలన్న చెప్పిండ్రా తాతా" అన్నది. "ముట్టుకోవద్దనుకుంటె ముట్టుకోకు. నేను గిక్కడనె దూరంగ వట్టుకుంట. మీదికెల్లి ఒక్క సుక్క ఇడువు సాలు."

వాకిట్లో ఉన్న మేమంతా విన్నాం. గంగవ్వ తల ఎత్తలేదు. నేను చాట వైపు చూస్తూ కూర్చున్నాను. బాపు చొక్కా గుండీ పట్టుకుని నిలబడిపోయాడు. తన సిగ్గు తాను దాచుకోవడానికి చెప్పిన మాట ఆమె మీద పోయి పడింది. నిజం చెప్పాలంటే ముప్పై నలభై ఏళ్ల మాట మొత్తం ఆ గల్లీలో నిలబడి చెప్పాలి. చెప్పకపోతే ఆ పిల్లతల్లి బతికున్నంత కాలం ఆ ఇంటి గడపను మరోలా గుర్తుపెట్టుకుంటుంది.

ఆయన గడప దిగాడు. చెప్పుల్లేకుండానే మోరీ దాటి పోయి, ఆమె చంకలోంచి పిల్లను తీసుకున్నాడు.

"ఎవలన్నరమ్మ నీకు గా మాట" అన్నాడు. పిల్లను రెండు చేతుల్లో పట్టుకుని, మా గోడ వైపు చూస్తూ నిలబడ్డాడు. కొంచెంసేపటికి ఆయన కళ్లు గోడ మీద నిలవలేదు, పిల్ల మీదికి దిగాయి. "ఏం లేదు దీంట్ల" అన్నాడు. "ఖాళీగున్నది. ఆటో పిలువు బిడ్డా, జల్ది పిలువు."

ఆటోను పిలిచి నేనూ ఎక్కాను. దారిపొడుగునా పిల్ల ఆయన ఒళ్లోనే ఉంది. పెద్ద దవఖానలో పిల్లల డాక్టరమ్మ ముందు చాలా పెద్ద వరస ఉంది. ఆయన పిల్లను ఎవరికీ ఇవ్వకుండా నిలబడ్డాడు. మా వంతు వచ్చాక పిల్లను బల్ల మీద పడుకోబెట్టించి డాక్టరమ్మ కనురెప్పలు లాగి చూసింది, పొట్ట మీద చర్మం పట్టి చూసింది. ఒంట్లో నీళ్లు పోయాయి, ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది అన్నది. రాసుకుంటూ అడిగింది, ఇంట్లో ఏమన్నా నాకించారా, పసరో, పొడో, ఇంకేదన్నా అని. తల్లి ఏమీ పెట్టలేదన్నది. డాక్టరమ్మ అడిగింది తల్లినే. అయినా బాపు కూడా జవాబు చెప్పాడు.

"ఈ పిల్లకు వెట్టలే అమ్మా. గిన్నేండ్ల సంది మిగిలినోళ్లకు వెట్టిన."

చేతులు రెండూ ముందుకు కట్టుకుని నిలబడ్డాడు, తిట్టు కోసం. ఆ తిట్టు కోసమే ఆయన అంత దూరం వచ్చాడేమో అని నాకు అప్పుడు అనిపించింది. డాక్టరమ్మ తల ఎత్తలేదు. వెనక వరస గేటు దాకా ఉంది. సూది మందు చీటీ నర్సుకు ఇస్తూ, "సరే తాతా, జర పక్కకు నిలబడు" అన్నది.

ఆయన పక్కకు నిలబడ్డాడు.

పిల్లను వార్డులో ఉంచుకున్నారు. గ్లూకోజు ఎక్కించారు. కోలుకున్నాక తల్లీపిల్లా అటునుంచి అటే ఊరికి పోయారు. పిల్ల కళ్లు తెరిచిందని వార్డు నుంచి వచ్చి నేనే చెప్పాను. మంచిది అన్నాడు.

ఆ సంగతి అంతటితో అయిపోయిందనుకున్నాం. చెరుకు కోతల కాలంలో ఆమె మళ్లీ వచ్చింది. ఇప్పుడు చెరుకు వేసేవాళ్లే తక్కువ, ఎక్కడో ఒక మడి కనబడుతుంది. ఆమె కోతకు పోయిన చోట అడిగి తెచ్చిందట, ఒక మోపెడు, ఆకుతో సహా. చంకలో పిల్ల బొద్దుగా ఉంది. వెంట వాళ్ల ఊరివాళ్లు ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి చేతిలో మరో పసివాడు. గల్లీ మొదట్లో వాళ్ల మాటలు వినబడగానే బాపు ఇంట్లోకి పోయి తలుపు దగ్గరగా వేశాడు. వేస్తూ నాకు చెయ్యి ఊపాడు, లేనని చెప్పమని.

చెప్పాను. నా ముఖం చూసి నమ్మిందో లేదో తెలియదు. మోపు గడప దగ్గర దించింది. తాత ఏదీ తీసుకోడమ్మా, అది వాళ్ల కట్టుబాటు అన్నాను.

"పన్ను వెడితె గదా అక్కా కట్టుబాటు" అన్నది. "మాకు పన్ను వెట్టలే. ఉత్త శేతుల వట్టుకుండు, గంతే. శేతులకెల్లే గుంజుకుండు జరాన్ని. డాక్టరమ్మ కాడికి వోయేసరికె సగం దిగింది. మా ఊరంత తెలుసు, తాతకు ఇగ పన్నుతోని పని లేదు, మహావానరమే ఆయన శేతులల్లకు వచ్చింది."

వెంట వచ్చిన ఇద్దరూ అవునన్నారు. ఒకామె తన పసివాణ్ని మూసిన తలుపు ముందు కాసేపు ఎత్తి పట్టుకుంది, లోపలి గాలి తగిలినా చాలని. ముగ్గురూ గడపకు మొక్కారు. పిల్లను నిలబెట్టింది గ్లూకోజని, సూది మందని, సరైన వేళకు దవఖానకు పోవడమని చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమె చెరుకు ఆకు కోసుకుపోయిన చేతులతో పిల్ల బుగ్గను తలుపుకు ఆనిస్తుంటే మూసుకున్నాను.

వాళ్లు పోయాక తలుపు తోసి లోపలికి పోయాను. ఆయన తలుపు వెనకే గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"దానిదే నయ్యం బిడ్డా" అన్నాడు.

దేనిది బాపు అన్నాను.

"గా వానరానిది. అది మొత్తం పోయినంకనె దాని మీద కథలు వుట్టినయి. అది ఇనలే."

నేను ఆయన పక్కనే కింద కూర్చున్నాను. బయట మోపు ఎండుతుంది, వాకిట్లో అందరికీ పంచు అన్నాడు. నువ్వు కూడా కొంచెం నోట్లో పోసుకో బాపు, రసం తీసి ఇస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపాడు.

కత్తిపీట తెచ్చి కణుపు కణుపుకూ కోసి పంచాను. అందరం చాటలు పక్కన పెట్టి తిన్నాం. మంజీర నేల చెరుకు, పిప్పి కూడా తియ్యగా ఉంది. తియ్యగా ఉందని ఎవరూ పైకి అనలేదు. ఎదురింటి తలుపు దగ్గరగా వేసే ఉంది. మేం నమిలే చప్పుడు లోపలికి వినబడుతూనే ఉండి ఉంటుంది.